మడత పడని కొండ

మడతలే ప్రాణమైన పుస్తకాన్ని తీసుకుపోయి లామినేషన్ చేయించిన మనిషిని నేను. ఇలాంటి పని చేసినవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి పక్కన కూర్చుంటాను. ఇన్నేళ్ళుగా ఈ తెలివితక్కువతనంలో నాకు తోడు దొరకలేదు.

ఆ పుస్తకం చేసింది మా బావ. అంటే మా ఆవిడకు అన్న. ఉదయగిరిలో డ్రాయింగు మాస్టారుగా చేసి రిటైరయ్యాడు. ఆ ఊళ్ళో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే ఇళ్ళు కొన్ని ఉన్నాయి. అక్కడ మిగిలిపోయిన చెక్కముక్కలు తెచ్చుకుని, వాటి మీద ఊరి వెనక కొండను కొంచెం కొంచెంగా చెక్కుకుంటూ వచ్చాడు. సిరా పూసిన చెక్క మీద పొడుగాటి కాగితం పరిచి, కాగితం వీపును చెక్క గరిటె వీపుతో రుద్ది అచ్చు తీశాడు. ఆ కాగితాన్ని ముందుకొకటి, వెనక్కొకటి మడతలు పెట్టి రెండు అట్టల మధ్య నిలిపాడు. మూస్తే అరచేతిలో ఇమిడేది. ఒక్కో మడతా తిప్పితే పుస్తకం. రెండు అట్టలూ చెరో చేత్తో పట్టి లాగితే కొండ మొత్తం సాగి బల్ల మీద నిలబడేది. కోట గోడ, బురుజు, గుమ్మటం, మేకలు దిగే దారి, చివరి మడతలో బస్టాండు ముందు టీ బండి.

పూర్వం కరణాలు మసీ చింతగింజల జిగురూ పూసిన గుడ్డను ఇలాగే మడతలు పెట్టి, బలపంతో లెక్కలు రాసుకునేవాళ్ళు. దాన్ని కడితం అంటారు. బావ చిన్నప్పుడు ఎవరి అటక మీదో ఒకటి చూశాడట. గుడ్డ సంగతేమో గాని అప్పుడే ఆయన బుర్ర మడత పడిపోయింది.

అలాంటి పుస్తకాలు చేతివేళ్ళకు మించకుండా చేసి, మనిషిని చూసి ఇచ్చాడు. నాలో ఏం చూసి ఇచ్చాడో నాకు తెలుసు. నాది ఆత్మకూరు బస్టాండు దగ్గర మందుల షాపు. మందు డబ్బాలో మడతలు పెట్టి దూర్చే సన్న కాగితం ఉంటుంది చూడండి, చీమల బారు లాంటి అక్షరాలతో. ఒకసారి విప్పాక దాన్ని మళ్ళీ అవే మడతల్లో పెట్టి డబ్బాలోకి దోపగలిగిన మనిషిని నేనింతవరకు చూడలేదు. నేను పెట్టగలను. నాకున్న ఒకే ఒక కళ అది. బావ ఒకసారి షాపులో కూర్చుని నేను మడిచేది చూసి, "నీ చేతిలో ఏదో ఉండాది బావా" అన్నాడు. మాలో మేమిద్దరం బావా అనే పిలుచుకుంటాం. మరుసటి నెల కొండ పుస్తకం తెచ్చి ఆ చేతిలోనే పెట్టాడు.

ఆ రోజు నుంచి నాకు భయం పట్టుకుంది. దగ్గు మందు ఒలుకుతుందేమో, బల్లి పడుతుందేమో, చుట్టాల పిల్లలు పీకుతారేమో అని. మా వైపు ఒక కాగితం మీద ప్రేమ పుట్టిందంటే అది లామినేషనుకే దారి తీస్తుంది. పది పాసైన మార్కుల లిస్టు, రేషన్ కార్డు, చనిపోయిన నాయన ఫోటో, అన్నీ ప్లాస్టిక్కులోకే పోతాయి. నేను కూడా ప్రేమించాను కాబట్టి పుస్తకాన్ని చంకలో పెట్టుకుని మా వీధి చివర జిరాక్సు షాపుకు వెళ్ళాను.

"సార్, పొడుగెక్కువుండాది. మిషన్లో పట్టదు. మూడు ముక్కలు చేస్తే పడతాది" అన్నాడు షాపతను.

"చెయ్" అన్నాను.

"చేసినాక మడత పడదు సార్."

"పడకపోతే మంచిదే గదా. చిరిగితే మడతల దగ్గరే గదా చిరిగేది."

ఈ చివరి మాట అన్నది నేనే. పక్కన ఇంకెవరూ లేరు.

వేడికి సిరా కొంచెం పాకింది. బురుజుకు మబ్బు పట్టినట్టయింది. అయినా మూడు ముక్కలూ తళతళలాడుతుంటే చూసుకుని మురిసిపోయాను. బావ వచ్చినప్పుడు నేనే లోపలి నుంచి తెచ్చి చేతికిచ్చాను. ఆయన వేలి కణుపుతో దాని మీద తట్టి చూశాడు. అట్ట తలుపు తట్టినట్టు చప్పుడైంది.

"ఏంది బావా ఇది?"

"నీ కొండే బావా. చెడకుండా ఉంటాదని..."

"చెడదు. ఇప్పుడు దీని మీద లారీ ఎక్కినా చెడదు." కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఆధార్ నంబరు కూడా ఏయించకపోయినావా, కొండకు పింఛనొచ్చేది" అన్నాడు.

అప్పటి నుంచి ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పేరు పెట్టే పండక్కి వెళ్ళినా, భోజనాల వరసలో నా పక్కన కూర్చున్నవాళ్ళకు ఆయన నన్ను పరిచయం చేసే తీరే మారిపోయింది. "మా బావ. కాగితమంటే పానం. జాగర్త, మీ ఇస్తరాకు కూడా లామినేషన్ చేయిస్తాడు." మూడు ముక్కల్లో ఒకటి మా ఆవిడ వేడి గిన్నెల కింద పెట్టుకుంది. ఒకటి కుంపటి విసరడానికి పోయింది. మూడోది నేను బీరువా వెనక దాచాను, బీరువాలో పెట్టే ముఖం లేక.

ఇంకో ప్రతి ఇమ్మని అడిగాను. ఒకసారి కాదు. నా ఆశంతా ఆ ప్రతి మీదే ఉండేది. పుస్తకం కోసం కొంత, పుస్తకం చేతిలో పెట్టదగిన మనిషినేనని ఆయన మళ్ళీ అనుకోవాలని ఇంకొంత. ఆయన దగ్గర తనది కాకుండా ఒక ప్రతి మిగిలి ఉందని మా ఆవిడే చెప్పింది. అడిగినప్పుడల్లా బావ నవ్వి, "జిరాక్సు షాపాయన బాగుండాడా?" అనేవాడు.

ఆయన ఇవ్వనందుకు నేను వేరే మడతలతో సర్దుకున్నాను. చుట్టుపక్కల అచ్చయ్యే కాగితాల్లో మడత ఉన్నదేదైనా దాచడం మొదలుపెట్టాను. ఉదయగిరి దర్గా గంధం పండగ కరపత్రాలు, సగం తెలుగు, సగం ఉర్దూ. చర్చి కూటముల కార్యక్రమాలు. విత్తనాల కంపెనీలవాళ్ళు పంచే పొడుగాటి మడతల కాగితాలు, వాటిలో మిరపకాయ సినిమా హీరోయిన్ లాగా పక్కకు తిరిగి ఉంటుంది. తిరునాళ్ల కాగితాలు, ఎలక్షన్ కాగితాలు, శుభలేఖలు. అన్నీ ఖాళీ మందుల అట్టపెట్టెల్లోకి వెళ్ళాయి. విరోచనాల మందు పెట్టెలో ఎలక్షన్ కాగితాలు పడ్డాయి. అది కావాలని చేసింది కాదు.

పెద్దకర్మ కార్డుల దగ్గర మాత్రం ఇంట్లో గొడవైంది. చావు కబురు కాగితం చదివిన వెంటనే చింపి పారేయాలి గాని ఇంట్లో ఉంచకూడదు. "అవి గడప దాటి లోపలికి రాకూడదు" అంది మా ఆవిడ. కాబట్టి అవి షాపులోనే ఉన్నాయి. మందులు పనిచేయని వాళ్ళందరూ చివరికి మందుల మధ్యకే చేరారు.

దాచగా దాచగా నాకు ఒక విద్య అబ్బింది. మడత కాగితాన్ని అచ్చు చూసి కాదు, మురికి చూసి చదవాలి. ఏ మడత ఎక్కువ నలిగిందో జనానికి కావలసింది అక్కడుంటుంది. చర్చి కూటముల కాగితంలో ప్రసంగాల మడత తెల్లగా ఉంటుంది, భోజనాల వేళలున్న మడత వేలిముద్రలతో నల్లబడి ఉంటుంది. విత్తనాల కాగితంలో డీలర్ ఫోన్ నంబరున్న మడత చిరిగి ఉంటుంది. ఎలక్షన్ కాగితంలో ఏ మడతా నలగదు. ఈ మాట బావతో అంటే ఆయన మొదటిసారి కొంచెం ఆలోచనలో పడి, "ఆఁ" అన్నాడు. ఆ "ఆఁ"ను కూడా దాచుకునే వీలుంటే దాచుకునేవాణ్ణి.

పోయినేడాది బావ కొడుకు పెళ్ళి కుదిరింది. ఇప్పుడందరూ ఫోనులో శుభలేఖ పంపి, ఆనక ఫోను చేసి, "చూసినావా?" అంటున్నారు. బావ కూడా దూరం వాళ్ళకు అలాగే పంపాడు. దగ్గరివాళ్ళకు మాత్రం తన చేత్తో మడతల శుభలేఖలు చేశాడు. కొండ, కొండ కింద పెళ్ళి పందిరి, పందిరి దాకా వచ్చే బస్సు. మొదట నల్ల సిరాతో అచ్చు తీస్తే ఆయన తల్లి, మా అత్తమ్మ, కార్డు దూరంగా పట్టుకుని, "ఎవురు పోయినారు?" అని అడిగింది. దాంతో మళ్ళీ కుంకం రంగులో తీశాడు.

శుభలేఖలు పంచడానికి ఆడబిడ్డ వెళ్ళాలి, వెంట ఆమె మొగుడు వెళ్ళాలి. అంటే మేమిద్దరం. బావ నన్ను పక్కకు పిలిచాడు.

"బావా, ఒక్క మడత చెడకుండా అందరి చేతుల్లో పెట్టి రా. వచ్చినాక కొండ పుస్తకం నీదే."

"నిజంగానా?"

"నిజంగానే. దోవలో ఏ షాపు దగ్గరా ఆగొద్దు."

ఆ రోజు బావ టెంట్ల వాళ్ళతో మాట్లాడడానికి బజారుకు వెళ్ళాడు. ఇంట్లో మా అత్తమ్మ, బావ భార్య శుభలేఖలకు పసుపు పెట్టడానికి కూర్చున్నారు. శుభలేఖంటే నాలుగు మూలలా పసుపుండాలి. మామూలు కార్డుకు మూలలు నాలుగే. దీనికో? ఒక్కో మడతకూ నాలుగు మూలలు.

"ఒక మడతకు పెట్టి ఒక మడతకు పెట్టకపోతే ఎట్టామ్మే, దానికి మాత్రం శుభం అక్కర్లేదా?" అంది మా అత్తమ్మ.

అన్ని మడతలకూ, అన్ని మూలలకూ, నీళ్ళలో కలిపిన పసుపు నిండుగా పెట్టారు. పెట్టి, బావ ఎలా మడిచాడో అలాగే మూసి, చెదిరిపోకుండా రబ్బరు బ్యాండ్లు వేసి, సంచిలో సర్దారు. మర్నాడు పొద్దున మాకిచ్చారు. సంచిలో పైన విడిగా కట్టిన కొన్ని కార్డులున్నాయి. అవి బావతో పనిచేసిన క్రైస్తవ మాస్టార్లకు, పసుపు పెట్టనివి.

మొదటి ఇల్లు దుత్తలూరులో మా ఆవిడకు వరసకు పిన్ని. నాకు అత్త. మా ఆవిడ ఆమెకు బొట్టు పెట్టింది, నేను కార్డిచ్చాను. ఆమె విప్పబోయింది. రాలేదు. కొంచెం గట్టిగా లాగింది. పర్రుమంది. పసుపు ఆరి మడతలన్నీ ఒకదానికొకటి అంటుకుపోయి కార్డు బిస్కెట్టులా గట్టిపడింది.

నేను కార్డు ఆమె చేతిలోంచి లాక్కున్నాను.

"ఇచ్చిన శుభలేఖ ఎనక్కి లాక్కుంటారా ఎవురన్నా?" అంది మా ఆవిడ, పళ్ళ మధ్య నుంచి.

"ఏందిరా నాయనా, పెళ్ళి ఆగిపోయిందా?" అంది అత్త.

"పెళ్ళి ఆగలేదు అత్తా, కార్డే రావడంలా."

సంచంతా వెతికాం. పసుపు పెట్టినవన్నీ అంతే. విప్పితే చిరుగుతాయి, విప్పకపోతే ముహూర్తం లోపలే ఉండిపోతుంది. నా కొండ పుస్తకం కళ్ళ ముందే జారిపోతున్నట్టనిపించింది. అత్త సలహా ఇచ్చింది, "చీపురుపుల్ల సందులో పెట్టి లాగు." మా ఆవిడ ఆమె వైపు చూసిన చూపుకు అత్త, "కడిగిన చీపురే లేమ్మే" అంది.

మందుల షాపు చుట్టం ఎవరింటికీ ఊరికే వెళ్ళలేడు. ఆ రోజు కూడా అత్తకు బీపీ మాత్రలు, ఆమె మనవడికి పౌడరు డబ్బా తెచ్చాను. అత్త దగ్గరున్న ఖాళీ మాత్రల అట్ట అడిగి తీసుకున్నాను. పల్చగా ఉంటుంది, గట్టిగా ఉంటుంది, అంచు కొయ్యదు. దాన్ని మడత సందులోకి మెల్లగా తోసి, పసుపు అంటుకున్న మూల దగ్గర ఇటూ అటూ ఆడించాను. ఒక మడత ఊడివచ్చింది. మళ్ళీ అంటుకోకుండా లోపల చిటికెడు పిల్లవాడి పౌడరు చల్లాను. రెండో మడత. మూడోది. కొండ బయటపడింది, పందిరి బయటపడింది, బస్సు బయటపడింది.

ఆ పూటంతా అత్త వసారాలో నులక మంచం మీద కూర్చుని అదే పని. మా ఆవిడ మాత్రల అట్టలు అందిస్తూ, పౌడరు చల్లుతూ, "మీరు లామినేషన్ చేయిస్తే ఒక్కటే చెడింది. మాయమ్మ చెయ్యి పడితే అన్నీ చెడినాయి" అంది. పెళ్ళయినప్పటి నుంచి ఆమె నా పక్షం మాట్లాడిన సందర్భాల్లో అది బాగా పెద్దది.

"పిల్లోడి పౌడరంతా పెళ్ళికి పూసినావు. వాడికేం పూసేది?" అంది అత్త డబ్బా ఊపి చూసి.

మొదటి కార్డుకు ఒక మడత అంచు కొంచెం చిరిగింది. మిగతావన్నీ క్షేమం. వరికుంటపాడులో ఒక ఇంట్లో అవ్వ కార్డు ముక్కు దగ్గర పెట్టుకుని, "పసిబిడ్డ వాసనొస్తా ఉండాది. ఏడు తిరక్కుండా మనవడే" అని తేల్చేసింది. ఆ మాట మాకంటే ముందు పక్క వీధికి పాకింది. తర్వాతి ఇళ్ళలో ముందు వాసన చూసి ఆనక ముహూర్తం చూశారు. కొండాపురంలో బావ స్నేహితుడొకాయన ఉన్నాడు, రిటైరైన మాస్టారు, తాతల నాటి నుంచి బాప్టిస్టులు. ఆయనకు పసుపు లేని కార్డిచ్చాం. విప్పి, మెల్లగా మొత్తం చూసి, మళ్ళీ మెల్లగా మడిచి, "అంతా బాగుండాది. మా పక్కింటోళ్ళ దానికి పౌడరు వాసనుండాది, మాదేం పాపం చేసింది?" అన్నాడు. నా జేబురుమాలుకు అంటుకుని మిగిలిన పౌడరు ఆయన కార్డుకు అద్దివచ్చాను.

ఉదయగిరి చేరగానే బావ, "ఏమైనా చెడినాయా?" అన్నాడు. అబద్ధం చెప్పే తెలివి నాకుంటే లామినేషనప్పుడే చెప్పి ఉండేవాణ్ణి. పసుపు సంగతి, పౌడరు సంగతి, దుత్తలూరు కార్డుకు చిరిగిన అంచు సంగతి అన్నీ చెప్పాను. ఆయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. తుడుచుకున్నాక, "అయితే ఒకటి చెడింది" అన్నాడు.

"అది మీయమ్మ పసుపు బావా."

"మాయమ్మను లాగొద్దు. ఒక్క మడత చెడకూడదన్నానా లేదా?"

"అన్నావు."

"చెడిందా లేదా?"

మడతల పుస్తకాలు చేసేవాడికి మడతపేచీ ఒకరు నేర్పాలా? కొండ పుస్తకం బీరువాలోనే ఉండిపోయింది. పెళ్ళిలో నేను వడ్డిస్తుంటే నా వైపు చూపించి అందరికీ పౌడరు కథ చెప్పాడు. లామినేషను కథకు అది రెండో భాగమైంది. నాకు కోపం రాలేదని చెప్పను. లడ్డు వడ్డించేటప్పుడు ఆయన విస్తరిలో మాత్రం చిన్నది చూసి వేశాను. కానీ అది పగ కిందికి రాదు, లెక్కలోకి కూడా రాదు.

పెళ్ళయిన నెలకు నాకొక ఆలోచన వచ్చింది. అయిపోయిన పెళ్ళి శుభలేఖ ఎవరికీ అక్కర్లేదు. నాకు కావాలి. మాత్రలివ్వడానికనే సాకుతో, ఆదివారాలు షాపు మూశాక, మేమిద్దరం మళ్ళీ అవే ఊళ్ళు తిరిగాం.

"ఇచ్చిన శుభలేఖ ఎనక్కి అడగడమేంది?" అంది దుత్తలూరు అత్త. "ఆ రోజూ లాక్కుంటివి, ఈ రోజూ అడగతా ఉండావు. నీకేమన్నా ఉండాదా?"

"ఉండాది అత్తా. కాగితం పిచ్చి."

ఆమె కార్డు దొరికింది. చిరిగిన అంచుకు లోపలి నుంచి ఆమె చీర రంగు దారంతో కుట్టు వేసి ఉంది. చెప్పకుండా కుట్టుకుంది. వరికుంటపాడు అవ్వ కార్డు ఒక కొసన చేతి చెమటకు నల్లబడింది. ఆ ఎండలకు దాంతోనే విసురుకుందట. మడతలుంటే గాలి బాగా వస్తుందట. చెరువు కింద పల్లెలో చేపలు పట్టే ఒక ఇంట్లో కార్డు నీళ్ళ కుండ మీద మూతగా ఉంది. కుంకం రంగు తడికి పాకి కొండ వెనక పొద్దు పొడిచినట్టయింది. బావ చెక్కినదాని కంటే అక్కడ కొండ బాగుందనిపించింది. ఇంకో ఇంట్లో బోరు వేసేవాడి ఫోన్ నంబరు పందిరి మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. ఒకరింట్లో చంటిబిడ్డ బస్సును పూర్తిగా నమిలేసింది. మరో ఇంట్లో కార్డు వెనక ఖాళీ వైపున ఎవరో చిన్నపిల్ల బొగ్గుతో కొండకు అవతలి వైపు గీసింది. అవతలి వైపు ఒక చెరువు, ఒక గేదె, ఒక సెల్ టవరు ఉన్నాయి. బావ కొండను అన్నేళ్ళు గీశాడు గాని అవతలికి ఎప్పుడూ వెళ్ళలేదు.

కొండాపురం మాస్టారు మాత్రం ఇవ్వలేదు. "అది నా బైబిల్లో ఉండాది. తీసేది లే. మీ బావకు కూడా చెప్పొద్దు, గర్వపడతాడు" అన్నాడు.

తెచ్చినవన్నీ ఒక వరసలో పేర్చి, గాయాలకు వేసే తెల్ల టేపుతో కీళ్ళు కట్టి, ఒక్కో కార్డు ఒక్కో పెద్ద మడతగా, ఒకే పొడుగాటి మడతల పుస్తకం చేశాను. మాస్టారి కార్డుకు ఒక మడత ఖాళీగా వదిలాను. లాగి నిలబెడితే షాపు కౌంటరు ఈ చివర నుంచి ఫ్రిజ్ దాకా సాగింది. చేస్తున్నంతసేపూ హాయిగా ఉంది. ఎవరి మెప్పూ గుర్తుకు రాలేదు. మాత్రలు అడిగినవాళ్ళ చేత రెండుసార్లు అడిగించుకున్నాను.

ఒక ఆదివారం బావ మా ఇంటికి వచ్చాడు. నేను మొదటి మడత విప్పి, దుత్తలూరు అత్త కుట్టు చూపించి, మూసేశాను.

ఆయన కళ్ళజోడు సర్దుకున్నాడు. "ఇది నా కార్డు గదా?"

"నీదే. ఇచ్చినాక ఏమైందో ఇందులో ఉండాది. అందరివీ."

"అందరివీనా?" ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. మనిషి జీవితమంతా చెక్కి, రుద్ది, మడిచి పంచుతాడు. పంచినవి ఎటు పోయాయో, ఎవరైనా రెండోసారి విప్పి చూశారో లేదో ఆయనకు ఎప్పుడూ తెలియదు. అందరికీ నా కథ చెప్పి నవ్వించేటప్పుడు ఆయన భయం కూడా అదేనని నాకు అప్పుడు అర్థమైంది. ఆయన పుస్తకాన్ని పాడు చేసింది నేనే, దాన్ని కాపాడాలని కంగారుపడిందీ నేనే. మిగతావాళ్ళు ఏం చేశారో ఆయన ఎరగడు.

"చూపియ్యి బావా."

"కొండ పుస్తకం?"

ఆయన లేచి వెళ్ళిపోయాడు. తర్వాతి ఆదివారం సంచిలో పాత పంచె ముక్క చుట్టి తెచ్చి నా చేతిలో పెట్టాడు. పెట్టేటప్పుడు కొంచెంసేపు పట్టుకుని వదిలాడు. "అన్నీ చూపిస్తావు గదా?"

"అన్నీ చూపిస్తా."

కొండను మెల్లగా విప్పి మొత్తం చూసుకున్నాను. బురుజుకు మబ్బు లేదు. మళ్ళీ అవే మడతల్లో మడిచి ఆయన కళ్ళ ముందే బీరువాలో, ఈసారి లోపలే, పెట్టాను. ఆయన అది చూసి తల ఊపాడు. ఇన్నాళ్ళుగా నేను కోరుకున్నది ఆ తల ఊపడమే. అంతటితో ఆగి ఉంటే నేను మంచివాణ్ణి అయ్యేవాణ్ణి.

నా పుస్తకం తెచ్చి రెండో మడత విప్పి చూపించాను. బోరువాడి నంబరున్నది. ఆయన నవ్వాడు, వేలితో నంబరు తడిమాడు, తర్వాతి మడత వైపు చెయ్యి చాచాడు. నేను మూసేశాను.

"ఏంది బావా, అన్నీ చూపిస్తానంటివి గదా?"

"చూపిస్తా. అన్నీ ఒకే రోజని అన్నానా?"

ఆయన నా వైపు చూశాడు. మా ఆవిడ వంటింట్లోంచి, "చూపీరాదా, పాపం" అంది, కానీ గట్టిగా అనలేదు. అన్న వస్తూ పోతూ ఉంటే ఆమెకు మాత్రం చేదా? బావ లేచి, చెప్పులు వేసుకుని, గుమ్మం దగ్గర ఆగి, "ఎప్పుడు రమ్మంటావు?" అన్నాడు.

"వచ్చే నెల."

అప్పటి నుంచి నెలకొకసారి వస్తున్నాడు. వచ్చినప్పుడల్లా ఒకటే మడత. పోయినసారి వరికుంటపాడు అవ్వ విసనకర్ర చూసి, కాఫీ రెండోసారి అడిగి మరీ తాగి వెళ్ళాడు. నెలకొకటి చొప్పున ఇంకెంతకాలం రావాలో ఆయన మనసులో లెక్క వేసుకుంటూ ఉంటాడు. ఆయనకు తెలియనిది ఒకటుంది. నేను వారం వారం కూర్చుని ఆ పుస్తకం చివర అట్టపెట్టెల్లో దాచిన నలిగిన కాగితాలను కొత్త మడతలుగా అతికిస్తూనే ఉన్నాను.